ఏకసంథాగ్రాహి అనే బిరుదు ఎవరికి?

గిడుగు రామమూర్తి స్మారక ఉపన్యాసం

సభాధ్యక్షులకు, స్మారకనిధి పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న మాస్టార్లకు, కొట్లు కట్టేసి వచ్చి వెనకాల నిలబడ్డ మోండా మార్కెట్ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. వెనక ఉన్నవాళ్లకు కుర్చీలు వేయించమని నిర్వాహకులకు మనవి. మైకు కూడా ఒక పిసరు పెంచితే మంచిది. బయట ట్రాలీ ఆటోల వాళ్లు నాకంటే గట్టిగా ఉపన్యసిస్తున్నారు.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన పుట్టినరోజు తెలుగు భాషా దినోత్సవం. పదకొండు రోజులు తిరిగేసరికి సెప్టెంబరు 9న కాళోజీ పుట్టినరోజు, అది తెలంగాణ భాషా దినోత్సవం. ఇద్దరూ నోటి మాట పక్షాన నిలబడ్డవాళ్లే కాబట్టి ఈ రెండు పండుగలకూ నాకు పెద్ద తేడా కనిపించదు. గిడుగు వారిని వాడుకభాషా ఉద్యమ నాయకుడిగా ఏటా తలుచుకుంటాం. ఈ సాయంత్రం నేను తలుచుకోవాలనుకున్నది నేర్చుకునే మనిషిగా ఆయన్ని. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న రోజుల్లో సవర గిరిజనుల భాష నేర్చుకోవాలని ఆయనకు బుద్ధి పుట్టింది. ఆ భాషకు అప్పటికి లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. సవర భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని నోట విని విని నేర్చుకున్నారు. తర్వాత సవర పిల్లలకు వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. ముఖలింగం గుడి శాసనాల లిపి కూడా ఆయన ఎవరి దగ్గరా కూర్చోకుండా సొంతంగా పట్టుకున్నదే.

అటువంటి మనిషి పేరు మీద మాట్లాడుతూ, నేర్చుకోవడం గురించి మన భాషలో ఉన్న ఒక పెద్ద పొగడ్తను పరిశీలించాలనుకుంటున్నాను. ఆ పొగడ్త 'ఏకసంథాగ్రాహి'. మనం దాన్ని ఇస్తున్న చోట ఇస్తున్నాం గానీ, ఇవ్వాల్సిన చోట ఇవ్వడం లేదని నా వాదన. ఇవ్వాల్సిన చోట్లలో ఒకటి ఈ గోడకు అవతలే ఉంది.

1

ముందు సంథ సంగతి. వేదపాఠశాలకు ఎప్పుడైనా వెళ్లినవాళ్లకు తెలుస్తుంది. గురువు ఒక పనస అందుకుని ఒక ముక్క పలుకుతాడు, ఎదుట కూర్చున్న పిల్లలు దాన్ని రెండుసార్లు తిరిగి పలుకుతారు. గురువు ఇంకో ముక్క పలుకుతాడు, మళ్లీ రెండుసార్లు. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం తప్పకుండా గొంతు ఎక్కడ లేవాలో, ఎక్కడ దిగాలో చేత్తోనో, తలతోనో చూపిస్తుంటారు. ఇది సంథ చెప్పుకోవడం. పుస్తకం ఉన్నా అది చాప కింద ఉంటుంది, పాఠం చెవిలోంచే లోపలికి వెళ్లాలి. సంథ అయ్యాక వల్లె. అదే భాగాన్ని రోజుల తరబడి వల్లె వేస్తే తప్ప నోటికి రాదు.

వల్లె అవసరం లేనివాడు ఏకసంథాగ్రాహి. గురువు ఒకసారి చెబితే చాలు, వాడికి వచ్చేసినట్టే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. వేదాన్ని నిలబెట్టిన పద్ధతి చూడండి. సంహిత వల్లించాక పదం, పదం తర్వాత క్రమం, ఆపైన జట, ఘనం. ఘనపాఠంలో అవే పదాలు ముందుకు, వెనక్కి, జంటలుగా, మూడేసిగా తిరుగుతాయి. ఎవడైనా ఒక్క అక్షరం జారవిడిస్తే పక్కవాడి నోట పట్టుబడిపోవాలి, అదీ ఏర్పాటు. మామూలు పిల్లలు ఏళ్లకేళ్లు కూర్చుని మోస్తేనే వేదం నిలుస్తుందని తెలిసినవాళ్లు చేసిన పద్ధతి ఇది. అంటే మన సంప్రదాయం ఏకసంథాగ్రాహిని నోరారా మెచ్చుకుంది గానీ, వాడి మీద భారం మాత్రం వేయలేదు. ముందు వరుసలో ఘనపాఠి ఒకరు తల ఊపుతున్నారు, ధైర్యం వచ్చింది.

2

రెండో మెట్టు మీకందరికీ తెలిసిన కథ. భోజరాజు ఆస్థానం. కొత్త శ్లోకం చెప్పిన కవికి అక్షరలక్షలు ఇస్తానని చాటింపు. సభలో ముగ్గురు పండితులున్నారు. మొదటివాడు ఏకసంథాగ్రాహి, రెండోవాడు ద్విసంథాగ్రాహి, మూడోవాడు త్రిసంథాగ్రాహి. పాపం, ఊరుగాని ఊరు నుంచి వచ్చిన కవి తన శ్లోకం చదవగానే మొదటి పండితుడు లేచి "ఇది పాతదే, నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు" అని గడగడా అప్పజెప్పేస్తాడు. అప్పటికి రెండుసార్లు విన్నాడు కాబట్టి రెండోవాడూ అప్పజెప్పేస్తాడు. మూడుసార్లు విన్న మూడోవాడికీ అడ్డు లేదు. కవి ఉట్టిచేతులతో ఇంటికి.

చివరికి కాళిదాసు వచ్చి ఒక శ్లోకం చదివాడు. రాజా, మీ తండ్రిగారు మా దగ్గర తొంభైతొమ్మిది కోట్లు అప్పు తీసుకున్నారు, ఈ సంగతి మీ పండితులకూ తెలుసు, ఇప్పించండి అని దాని తాత్పర్యం. తెలుసు, ఇది పాత శ్లోకమే అంటే అప్పు కట్టాలి. తెలియదు అంటే కొత్త శ్లోకమని ఒప్పుకుని బహుమానం ఇవ్వాలి. ముగ్గురు పండితులకూ ఒక్కసారే మతిమరుపు వచ్చింది.

పిల్లలకు ఈ కథను కాళిదాసు యుక్తికి ఉదాహరణగా చెబుతాం. నాకు మాత్రం ఆ ముగ్గురి మీదే దృష్టి. ఏకసంథాగ్రాహిత్వం అంత గొప్ప శక్తి, కథలో అది చేసిన పని దొంగతనం. విన్నది విన్నట్టు పట్టుకోవడం తప్ప, విన్నదాంతో ఏం చేయాలో ఆ పండితులకు తెలియదు. ఈ మాటను వాడుకలోకి తెచ్చిన జనమే దాని లోటునూ కథ కట్టి మరీ చెప్పారు. అయినా మనం మాట ఉంచుకుని కథలోని హెచ్చరికను వదిలేశాం.

ఇప్పుడు ఈ మాట ఎక్కడెక్కడ వినిపిస్తోంది? అవధానుల సన్మానపత్రాల్లో వినిపిస్తుంది, అక్కడ న్యాయమే. తిరుపతి వేంకట కవులు శతావధానాలతో ఊళ్లేలిన కాలం నుంచీ ధారణ మనకు ఒక ఊరేగింపు విద్య. సంగీత విద్వాంసుల జీవితచరిత్రల్లో వినిపిస్తుంది. ఒక్కసారి చదివి డైలాగు చెప్పేసే నటుల గురించి వినిపిస్తుంది. ఇవన్నీ పోగా అన్నిటికంటే ఎక్కువగా ర్యాంకు వచ్చిన పిల్లల గురించి వినిపిస్తుంది. పొద్దున నాలుగున్నరకు లేచి, గైడు ముందేసుకుని, అదే సమాధానాన్ని ఇరవైసార్లు వల్లెవేసి, వారంవారం పరీక్షలు రాసి ర్యాంకు తెచ్చుకున్న పిల్లను పట్టుకుని "ఏకసంథాగ్రాహి అండీ" అంటారు. ఆ పిల్ల పడ్డ కష్టానికి ఇంతకంటే అన్యాయం ఉందా? ఆ పిల్ల చేసింది వల్లె. వల్లెను వల్లె అని మెచ్చుకుంటే తప్పేముంది?

3

ఇక ఈ గోడకు అవతల ఉన్న మోండా మార్కెట్‌కు వద్దాం. నాకు ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలని ఉంది, టీ ఆలస్యమైనా ఓర్చుకోండి.

1798లో నిజాముకు, ఈస్టిండియా కంపెనీకి సైనిక ఒప్పందం కుదిరింది. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన కంపెనీ దండు దిగింది. 1806లో ఆ దండు ఊరికి మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పెట్టారు. జనం నోట మాత్రం అది లష్కరే, బోనాలు ఇవాళ్టికీ లష్కర్ బోనాలే. దండు వెంట మద్రాసు వైపు నుంచి తమిళులు వచ్చారు. మరాఠీలు, కన్నడిగులు, గుజరాతీలు, మార్వాడీలు, పార్సీలు వచ్చారు. చుట్టుపక్కల తెలుగు పల్లెల నుంచి కూరగాయలు, పాలు, గడ్డి, పూలు వచ్చాయి. 1874లో రైలు వచ్చింది. ఆ స్టేషనుకు కూతవేటు దూరంలో, ఒక పక్క జనరల్ బజార్, ఇంకో పక్క పాట్ మార్కెట్, పాత జైల్‌ఖానా గోడలు, వీటి నడుమ మోండా. హోల్‌సేల్ కూరగాయలు బోయిన్‌పల్లికి తరలిపోయినా ఇక్కడి రద్దీ తగ్గిందని ఎవరూ అనలేరు.

ఇన్ని భాషల వాళ్లు ఒకచోట అమ్ముకుని, కొనుక్కుని బతకాలంటే ఎవరికి ఎవరు పాఠం చెప్పారు? ఏ బడి పెట్టారు?

భాష ఒక్కటే అయితే కొంత నయం, డబ్బు కూడా రెండు రకాలు. నిజాం రాజ్యానిది హాలీ సిక్కా, ఇంగ్లీషు వాళ్లది కల్దార్. సికింద్రాబాదు ఊరు 1945 దాకా ఇంగ్లీషు వాళ్ల అజమాయిషీలో ఉంది. హుస్సేన్‌సాగర్ కట్ట దాటితే నిజాం ఏలుబడి. రెండు రూపాయలూ ఇక్కడి గల్లాపెట్టెల్లో కలిసి పడుకునేవి. నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. ఈ లెక్క కాగితం మీద భయంకరంగా ఉంటుంది. బజారు దాన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది: ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. నూటపదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలను 'ఏడుకు ఆరు' చేసుకున్న బుర్ర ఎవరిదో మనకు పేరు తెలియదు గానీ, ఆ బుర్రకు నా నమస్కారం. బేరం కల్దార్లలో కుదిరి, చెల్లింపు హాలీలో జరిగి, చిల్లర అణాల్లో తిరిగి ఇవ్వాల్సి వచ్చినప్పుడు కొట్టు మీద కూర్చున్నవాడు పలక తీయలేదు. వాడికి ఎక్కాలు వచ్చు. పన్నెండు ఎక్కం, పదహారు ఎక్కంతో ఆగలేదు. పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం కూడా వచ్చు. పరక అంటే ఎనిమిదో వంతు, వీసం అంటే పదహారో వంతు. ఈ భిన్నాలు పెద్ద బాలశిక్షలో ఉన్నాయి, నిజమే. వాటి అవసరం మాత్రం గల్లాపెట్టె దగ్గర పుట్టింది.

తర్వాత పదేళ్లలో ఏం జరిగిందో చూడండి. 1948లో నిజాం పాలన పోయింది. హాలీ మెల్లగా వెనక్కి తగ్గి, 1950ల చివరికి చెలామణి నుంచే పోయింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి పదహారు అణాలు పోయి నూరు నయాపైసలు వచ్చాయి. అంటే అణాకు ఆరుంబావు నయాపైసలు. చేతికి ఆరు వస్తాయి, పావు ఎవడు తింటాడు? మరుసటి ఏడు నుంచి శేర్లు, వీశెలు పోయి కిలోలు రావడం మొదలైంది. శేరు కిలో కంటే కాస్త తక్కువ, కాబట్టి శేరు ధరకు కిలో అడిగే గిరాకీలు, కిలో ధరకు శేరు తూచే మహానుభావులు, మధ్యలో తగాదాలు. నాణెం, చిల్లర, తూకం, మూడూ మారాయి. ఆఫీసుల్లో గుమాస్తాలకు మార్పిడి పట్టికలు అచ్చువేసి ఇచ్చారు. ఆకుకూరల గంప ముందు కూర్చున్న అవ్వకు ఎవరూ పట్టిక ఇవ్వలేదు, ఇచ్చినా చదవలేదు. అయినా బజారు ఒక్కరోజు మూతపడలేదు. కొత్త లెక్క ఎవరో ఒకరి నోట వినబడింది, చెవిన పడింది, మర్నాటి బేరంలో వాడకానికి వచ్చింది.

వేదపాఠశాల బయట సంథ ఇంత శుద్ధంగా నడిచిన చోటు ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి.

పాత కథలు చాలు, ఇవాళ్టి సంగతి. మొన్నీమధ్య పొద్దున్నే వెళ్లి ఒక ఉల్లిగడ్డల దుకాణం పక్కన నిలబడ్డాను. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు, పద్దెనిమిది నిండి ఉంటాయి, బీహార్ వైపు పిల్లాడు. వచ్చి ఎన్నాళ్లయిందో గానీ తెలుగు అప్పుడే అంకెల దాకా వచ్చింది. ఒకావిడ కిలోన్నర ఉల్లిగడ్డ, ముప్పావు కిలో టమాట, పావు కిలో పచ్చిమిర్చి తీసుకున్నారు. ఉల్లి కిలో 36, టమాట 40, మిర్చి 80. కుర్రాడు తక్కెడ మీంచి చేయి తీయకముందే పెదవులు కదిపాడు. ముప్పైఆరు, దాంట్లో సగం పద్దెనిమిది, 54. నలభైలోంచి పావు తీసేస్తే 30. ఎనభైలో పావు 20. "ఏక్ సౌ చార్" అన్నాడు, ఆవిడ మొహం చూసి "నూట నాలుగమ్మా" అని మార్చాడు. ఆవిడ అయిదు వందల నోటిచ్చారు. "నాలుగు రూపాయలు ఉన్నాయా?" అని అడిగి, అవి తీసుకుని నాలుగు వంద నోట్లు చేతిలో పెట్టాడు. ఆవిడ వెనకాల ఉన్నాయనకు 'డేఢ్ కిలో', ఆ పక్క ముసలాయనకు 'ఒండ్రరె కిలో'. తమిళంలో ఒకటిన్నర అని అడిగితే కూడా వాడి చేయి సరైన రాయి మీదికే పోయింది.

దుకాణం యజమానురాలిని అడిగాను, పిల్లాడు ఎట్లా నేర్చుకుంటున్నాడమ్మా అని. ఆమె ఉల్లిపొట్టు ఊడుస్తూనే అంది: "వానికి ఒక్కపారి చెప్తె సాలు సార్. మళ్ల అడగడు."

ఒక్కపారి చెప్తె సాలు. ఏకసంథాగ్రాహికి ఇంతకంటే మంచి వివరణ మీరు ఏ నిఘంటువులోనైనా వెతికి చూపించండి.

4

అయితే ఆ కుర్రాణ్ణి మనలో ఎవరూ ఏకసంథాగ్రాహి అనం. ఏమంటాం? మోండా వాళ్లయితే "పోరడు హుషారున్నడు" అంటారు, ఆ మాటలో ఇష్టం ఉంది. మనం, అంటే సంచి పట్టుకుని కొనడానికి వెళ్లేవాళ్లం ఏమంటామో గుర్తుచేసుకోండి. "గడుసువాడు." "చాలాకీ." "ముదురు." ఇంకా కోపం వస్తే "ముదురు బెండకాయ". ఆ బెండకాయనూ వాడి దగ్గరే కొంటాం, అది వేరే సంగతి. అదే లెక్క మన పిల్లాడు వేలు మడవకుండా చెబితే "పిట్ట కొంచెం కూత ఘనం" అని చుట్టాలకు చెప్పుకుంటాం. పూలమ్మే ఇంటి ఆడపిల్ల మూర కొలిచి, బేరానికి బదులు చెప్పి, డబ్బు లెక్కపెట్టి పుచ్చుకుంటే "ఆరిందాలా మాట్లాడుతోందే" అంటాం. ఆరిందా అనడంలో మెప్పు ఎంత ఉందో, వయసుకు మించి పోతోందన్న చిన్న మొట్టికాయ కూడా అంతే ఉంది.

ఒకే చురుకు. చదువుకున్న ఇంట్లో కనిపిస్తే కుశాగ్రబుద్ధి, సూక్ష్మగ్రాహి, ఏకసంథాగ్రాహి. బజార్లో కనిపిస్తే గడుసు, ముదురు, ఆరిందా. మొదటి వరుస మాటల్లో సంస్కృతం, రెండో వరుస మాటల్లో అనుమానం.

ఈ విభజనను అన్యాయం అంటున్నది జాలితో కాదు. మాట అర్థం ప్రకారమే అన్యాయం. సంథ నోటి చదువు. అక్షరం మధ్యలో లేకుండా నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి. ఇవాళ ఆ పద్ధతి వేదపాఠశాలల్లో మిగిలింది, సంగీతం నేర్చుకునే గదుల్లో మిగిలింది, బజార్లలో, వర్క్‌షాపుల్లో, వంటశాలల్లో మిగిలింది. మన స్కూళ్లలో లేదు. ఏ చోట నోటి చదువు లేదో అక్కడి పిల్లలకు నోటి చదువు బిరుదు ఇచ్చుకుని, ఏ చోట అది బతికే ఉందో అక్కడివాళ్లను ముదుర్లు అంటున్నాం. గ్రంథాల్లోని తెలుగే తెలుగు, జనం నోటిది కాదు అన్న వాదాన్ని గిడుగు వారు ఎదిరించారు. గ్రంథాల ముందు కూర్చున్నవాడి తెలివే తెలివి అన్న వాదం మాత్రం అట్లాగే మిగిలిపోయింది.

5

ఇక్కడ మాస్టార్ల వైపు నుంచి ఒక ప్రశ్న రావాలి. రాకపోతే నేనే వేస్తాను. నిజంగా ఎవరైనా ఒకే సంథలో నేర్చుకుంటారా? ఉల్లిగడ్డల కుర్రాడు పుట్టు మేధావా?

సికింద్రాబాదులో ఈ ప్రశ్న వేసుకుంటే వివేకానందుడు గుర్తుకు రావాలి. సోమసుందర మొదలియారు 1862లో పెట్టిన బడి మహబూబ్ కాలేజీగా పెరిగింది, ఇక్కడికి దగ్గర్లోనే. 1893 ఫిబ్రవరి 13న స్వామి అక్కడ మాట్లాడారు, షికాగోకు వెళ్లడానికి కొన్ని నెలల ముందు. ఆయన జీవితచరిత్రల్లో ఒక కథ ఉంది. మీరట్‌లో ఉండగా లైబ్రరీ నుంచి రోజుకో లావుపాటి పుస్తకం తెప్పించుకుని మర్నాడు తిరిగి పంపేవారట. లైబ్రేరియన్‌కు అనుమానం వచ్చి ప్రశ్నలు వేస్తే అన్నిటికీ జవాబు చెప్పారట. ఎట్లా సాధ్యమని తోటి సన్యాసి అడిగితే ఆయన చెప్పిన కారణం నాకు చాలా నచ్చుతుంది. తాను అక్షరం అక్షరం చదవననీ, వాక్యాలకు వాక్యాలు, ఒక్కోసారి పేరాలకు పేరాలు ఒక్క చూపులో తీసుకుంటాననీ. అక్షరాలు కూడబలుక్కునే పిల్లాడికి మనం గబగబా చదవడం ఎంత వింతో, మనకు ఆయన చదువు అంత వింత.

అదే సంగతిని చదరంగం మీద పరీక్ష పెట్టి చూశారు. డచ్ మనస్తత్వవేత్త అద్రియాన్ ద గ్రోట్ 1940లలో మొదలుపెట్టిన పనిని అమెరికాలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ 1973లో ముందుకు తీసుకువెళ్లారు. నిజమైన ఆట మధ్యలోని బల్లను అయిదు సెకన్లు చూపించి మూసేస్తే, మేటి ఆటగాడు పావుల్లో ఎక్కువభాగం సరిగ్గా పెట్టేశాడు. కొత్తవాడు నాలుగైదుకు మించి పెట్టలేకపోయాడు. అవే పావులను ఇష్టమొచ్చినట్టు చెదరగొట్టి చూపిస్తే మేటివాడి గొప్పదనం ఎగిరిపోయింది. అంటే వాడికి ఉన్నది అసాధారణమైన జ్ఞాపకం కాదు. వేల ఆటల పరిచయం. కొత్త బల్లలో వాడికి పాత ఆకారాలు కనిపించాయి.

ఉల్లిగడ్డల కుర్రాడూ ఇంతే. ముప్పావును 'పావు తక్కువ' అని పట్టుకోవడం వాడికి మోండాలో రాలేదు. 'పౌనే', 'సవా', 'డేఢ్', 'ఢాయీ' అనే మాటలు వాడి తల్లి నోటి నుంచి ఎప్పుడో వచ్చాయి. హిందీలో భిన్నాలకు మాటలు తయారుగా ఉండటం వాడికి కలిసొచ్చింది. తెలుగులో 'ఒకటింబావు' అని వినగానే వాడికి దొరికింది కొత్త లెక్క కాదు, పాత లెక్కకు కొత్త చప్పుడు. ఆ యజమానురాలు ఒక్కపారి చెప్పిన మాట వెనకాల ఎన్ని పార్లు ఉన్నాయో ఆమెకూ తెలియదు, వాడికీ తెలియదు. భోజుడి కథలో ఆ మొదటి పండితుడు సైతం ఛందస్సు తెలియనివాడైతే ఆ శ్లోకం ఒక్కసారికి అంటేది కాదు. వృత్తం నడక ముందే లోపల ఉంది, మాటలు వచ్చి అందులో కూర్చున్నాయి.

కాబట్టి ఏకసంథాగ్రాహి అని ఒకరిని మెచ్చుకున్నప్పుడు, అంతకు ముందు వాళ్ల చెవిన పడిన సంథలన్నిటికీ మెప్పు పోతోందని నేను అనుకుంటాను. గిడుగు వారు సవర భాషను ఒక సంథలో నేర్చుకోలేదు, ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లను మింగి ఆయనకు ఏకసంథాగ్రాహి అని బిరుదిస్తే ఆయనే ఒప్పుకునేవారు కాదు.

6

చివరి మెట్టు కొంచెం ఇబ్బందికరమైనది. బజారు తెలివి బడిలో పనికొస్తుందా?

బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో కొబ్బరికాయలు, పాప్‌కార్న్ అమ్మే పిల్లలను పరిశోధకులు గమనించి 1985లో ప్రచురించారు. అయిదుగురు పిల్లలు, తొమ్మిది నుంచి పదిహేనేళ్లు. కొనేవాళ్లలా వెళ్లి అడిగితే నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే అంకెలను కాగితం మీద లెక్కలుగా ఇస్తే నూటికి 37. పన్నెండేళ్ల పిల్లాడిని పది కొబ్బరికాయలు ఎంత అని అడిగితే, కాయ 35 చొప్పున, మూడు కాయలు 105, ఇంకో మూడు 210, ఇంకో మూడు 315, ఇంకొకటి కలిపితే 350 అన్నాడు. పదితో గుణించాలంటే పక్కన సున్నా పెట్టాలన్న బడి సూత్రం వాడికి గుర్తు రాలేదు. అవసరమూ పడలేదు. 2025లో నేచర్ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల గురించి దాదాపు ఇదే చెప్పింది. రెండో సగం మరీ ముఖ్యం: బజారు ముఖం చూడని స్కూలు పిల్లలు పుస్తకం లెక్కలు చేశారు గానీ బజారు లెక్కల్లో తడబడ్డారు. ఇటువైపు నుంచి అటూ దారి లేదు, అటువైపు నుంచి ఇటూ దారి లేదు.

దీన్ని వినగానే కొందరు, అయితే పిల్లలను కొట్లలో కూర్చోబెట్టాలా అంటారు. అక్కర్లేదు. పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టడం నేరం, బడి వేళల తర్వాత, సెలవుల్లో ఇంటి వ్యాపారంలో సాయానికి తప్ప కొట్ల పనిని చట్టం ఒప్పుకోదు. అది సరైన చట్టం. బజారు గొప్పదని చెప్పి పిల్లల బడి మాన్పించే వాదం నాది కాదు. నేను అడుగుతున్నది మధ్యలో ఒక తలుపు. మోండా చుట్టుపక్కల బళ్లలో ఈ దుకాణాల వాళ్ల పిల్లలే చదువుతున్నారు. సాయంత్రాలు అమ్మ పక్కన కూర్చుని కిలోన్నరలు, ముప్పావులు చేసే పిల్ల మర్నాడు క్లాసులో దశాంశాల దగ్గర నోరు మూసుకుని కూర్చుంటుంది. 0.75 అని బోర్డు మీద రాసిన టీచరుకు అది ముప్పావు అని ఆ పిల్లకు చెప్పాలని తోచదు. వారానికి ఒక పీరియడు పలక, కాగితం లేకుండా నోటి లెక్కలు పెట్టండి. పావు ఎక్కం, ముప్పావు ఎక్కం తిరిగి చెప్పించండి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లయితే, నలభై రెండు కల్దార్లకు ఎన్ని హాలీలని అడగండి. నిష్పత్తుల పాఠం మొత్తం ఆ ఒక్క లెక్కలో ఉంది, పైగా అది ఈ గల్లీలో నిజంగా నడిచిన లెక్క. ఆ పీరియడులో ఎవరి చెయ్యి ముందు లేస్తుందో చూడండి. పేరున్న ర్యాంకర్ల చెయ్యి ముందు లేస్తుందని నేను పందెం కట్టను.

నిఘంటువులు రాసేవాళ్లు కూడా ఈ సభలో ఉన్నారని విన్నాను. 'ఏకసంథాగ్రాహి' అనే మాట కింద వాడుక ఉదాహరణ ఇవ్వాల్సి వస్తే ఆస్థాన పండితుణ్ణి, ర్యాంకు పిల్లాణ్ణి కాస్త పక్కకు జరిపి, ఉల్లిగడ్డల దుకాణం యజమానురాలి వాక్యం వేయమని అడుగుతున్నాను. తెలంగాణ ఉచ్చారణ సరిదిద్దకుండా, ఆమె అన్నది అన్నట్టే.

నా సమయం అయిపోయిందని అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలు ఉంటే అడగండి. లెక్కల మాస్టార్లకు మొదటి అవకాశం. నలభై రెండు కల్దార్ల జవాబు తెలిసినవాళ్లు మాత్రం కాసేపు ఆగండి, వెనక నిలబడ్డవాళ్లు చెప్పాక.